కత్తి కొనకుండా తిరిగొచ్చిన కత్తుల యాత్ర

సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ కత్తుల ముందు నిలబడినప్పుడల్లా నా కళ్లు పిడి మీదికో ఒర మీదికో పోయేవి. అలుగు వైపు చూస్తే బాగా తోమిన ఇనుప బద్దలా ఉండేది, అంతే. దాని మీద లావు లావు పుస్తకాలు రాశారని విన్నప్పుడు, నాకు కనబడనిది అందులో ఏదో ఉందన్న ఉక్రోషం పట్టుకుంది. ఆ ఉక్రోషంతోనే నవంబరులో టోక్యో విమానం ఎక్కాను. వీలైతే ఒక చిన్న కత్తి కొనుక్కురావాలన్న ఆశ కూడా లేకపోలేదు.

మొదటి నాలుగు రాత్రులు టోక్యోలోని రియోగొకు పేటలో బస. గది ఎంతదంటే, పెట్టె తెరిస్తే మంచం మీదుగా నడవాలి. కానీ శుభ్రంగా ఉంది, రైలు స్టేషన్ పక్కనే ఉంది. సుమో మల్లులు ముడి వేసిన జుట్టుతో సైకిళ్ల మీద పోతుంటే చూస్తూ టీ తాగవచ్చు. అన్నిటికీ మించి, కత్తుల మ్యూజియం అక్కడికి నడిచేంత దూరం. శాకాహారులకు మాత్రం ఒక మాట: కూరగాయల పులుసు అని చెప్పి ఇచ్చినదాంట్లోనూ చేపల రసం ఉంటుంది. నేను మూడు పూటలు పెరుగుతో, అరటిపళ్లతో గడిపాను.

ఈ మ్యూజియాన్ని నడిపేది 1948లో ఏర్పడిన కత్తుల సంరక్షణ సంఘం. 2018లో యోయోగి నుంచి ఇక్కడికి, పాత యసుదా తోటలోకి మార్చారు. టికెట్ 1000 యెన్లు. ప్రదర్శన మూడో అంతస్తులోని ఒక్క హాలే. ఇంతేనా అని పెదవి విరిచాను గానీ, బయటికి వచ్చేసరికి మూడు గంటలు దాటింది.

అందులో మొదటి అరగంట వృథా. కత్తికి ఎదురుగా నిటారుగా నిలబడి చూశాను. పక్కన ఒక పెద్దాయన మోకాళ్లు వంచి, తలను వేలెడంత అటు, వేలెడంత ఇటు జరుపుతూ ఒక్క కత్తి దగ్గరే ఉండిపోయాడు. సిగ్గు విడిచి నేనూ అలాగే వంగాను. పైన దీపం ప్రతిబింబం అలుగు మీద జారుతూ వచ్చి వాదర దగ్గరికి చేరిందో లేదో, అంతవరకూ లేని తెల్లని అల ఒకటి లేచింది. గీత కాదది. కాగే పాల అంచున మీగడ కట్టినట్టు, ముడతలు ముడతలుగా కత్తి పొడవునా సాగింది. తల కాస్త కదిపితే మాయమైంది. దీన్నే హమోన్ అంటారు. నీళ్లలో ముంచేముందు వాదర మీద పల్చగా, వెన్ను మీద మందంగా మట్టి పూస్తారు. పల్చటి చోట లోహం చప్పున చల్లారి గట్టిపడుతుంది, మందం ఉన్న చోట నెమ్మదిగా చల్లారి సాగే గుణం నిలుపుకుంటుంది. ఆ రెండూ కలిసే సరిహద్దే ఈ అల. కొన్నిటిలో అది పొగమంచులా ఉంటుంది, కొన్నిటిలో విడివిడిగా మెరిసే ఇసుక రేణువుల్లా.

మర్నాడు ఉయెనోలోని జాతీయ మ్యూజియానికి వెళ్లాను. అక్కడి సంపద గొప్పది. మికజుకి మునెచిక, దోజిగిరి యసుత్సున లాంటి పేరుమోసిన కత్తులు వారివే. అయితే అవి ఎప్పుడూ బయట ఉండవు, నేను వెళ్లినప్పుడు రెండూ లేవు. ముందుగా ప్రదర్శన పట్టిక చూసుకోకపోవడం నా తప్పే. జనం కూడా ఎక్కువ, వారిలో చాలామంది కాలేజీ వయసు అమ్మాయిలు. పాత కత్తుల్ని అందగాళ్లుగా మార్చిన ఒక కంప్యూటర్ ఆట పుణ్యం అట. వాళ్లకు నాకంటే చాలా ఎక్కువ తెలుసు. వంగి చూడటం నేర్చుకోవడానికి మాత్రం రియోగొకే మేలు.

అక్కణ్నుంచి ఒకయామకు పోయే దారిలో సెకి అనే ఊళ్లో ఒక పూట ఆగాను. వంటింటి కత్తి కొనాలంటే అంతకు మించిన ఊరు లేదు, నాకు కావలసింది అది కాదు.

ఈ యాత్రకు అసలు ఫలం ఒకయామ దగ్గర దొరికింది. షిన్‌కాన్‌సెన్‌లో టోక్యో నుంచి మూడు గంటల పైచిలుకు. అక్కడ స్టేషన్ ఎదుట బస చేసి, పొద్దున్నే చిన్న రైల్లో అరగంట ప్రయాణిస్తే ఒసఫునె, పాత బిజెన్ సీమలోని కత్తుల కమ్మరుల ఊరు. స్టేషన్ నుంచి అక్కడి కత్తుల మ్యూజియానికి టాక్సీ పట్టుకోవాలి, తిరుగు టాక్సీ కూడా అప్పుడే చెప్పి పెట్టుకోండి. జాతీయ సంపదగా గుర్తించిన కత్తులు జపాన్‌లో వందకు పైగా ఉంటే, సగానికి దగ్గరగా ఈ బిజెన్ సీమలో పుట్టినవే. 16వ శతాబ్దం చివర యోషీ నది వరద ఈ కమ్మరుల ఊరిని ఊడ్చేసింది. ఇక్కడి పురపాలక సంఘం 2020లో విరాళాలు పోగుచేసి, సంచోమో అనే పాత కత్తిని 50 కోట్ల యెన్లకు కొని తెచ్చుకుంది. ఊరి ఆడపడుచును పుట్టింటికి తెచ్చుకున్నంత సంబరం వాళ్లది.

నెలలో రెండో ఆదివారం ఇక్కడ ఉక్కును సాగగొట్టే పని చూపిస్తారు. కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట: ఏదీ కొత్త కాదు, అన్నిటికీ మన ఊళ్లలో పేర్లున్నాయి. ఉక్కు మాత్రం వేరు. మన తెలంగాణలోని కోనసముద్రం ఉక్కును మూసలో కరిగించేవారు. వీళ్ల తమహగనెను ఇసుక ఇనుము, బొగ్గు కలిపి మూడు పగళ్లు, మూడు రాత్రులు కాల్చి, పూర్తిగా కరగనివ్వకుండానే ముద్దగా తీస్తారు. ఆ ముద్దలోని మురికిని వదిలించడానికే మళ్లీ మళ్లీ మడతపెట్టి కొట్టడం. గురువు చిన్న సుత్తితో టింగుమని దాగలిని తాకితే, ఎదుట నిలబడ్డ శిష్యుడు సమ్మెటతో దెబ్బ వేస్తాడు. నిప్పురవ్వలు మూడో వరుస దాకా ఎగిరాయి. ఈ ఎదురు దెబ్బను ఐజుచి అంటారట. మాట్లాడేవారికి వినేవారు ‘ఊ’ అనడానికి కూడా జపాన్‌లో అదే మాట, ‘ఐజుచి కొట్టడం’. మనమూ ఊ కొడతాం కదా! పక్కనున్న దుబాసీ అమ్మాయికి ఇది చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది, ఆమె మర్యాదగా ఐజుచి కొట్టింది.

మళ్లీ టోక్యో చేరి, ఒక పాత కత్తుల దుకాణానికి వెళ్లాను. కత్తి చేతికిచ్చే ముందు యజమాని తల వంచాడు, నేనూ వంచాను. అలుగు మీద వేలు పెట్టకూడదు, దాని మీదుగా మాట్లాడకూడదు. తుంపర పడితే తుప్పు పడుతుంది. పిడిలోని వెదురు మేకు తీసి, లోపలి భాగం చూపించాడు. నల్లగా తుప్పు పట్టి ఉంది. ఆ తుప్పే వయసుకు సాక్ష్యం, దాన్ని తోమితే కత్తి ధర పడిపోతుంది. “పేరు చూసి కొనకండి, ముందు కత్తిని చూడండి,” అన్నాడు. పెద్ద కమ్మరుల పేర్లతో దొంగ సంతకాలు కోకొల్లలు.

కత్తి కొనలేదు. జపాన్ దాటించాలంటే అక్కడి సాంస్కృతిక శాఖ అనుమతి కావాలి, అందుకు వారాలు పడుతుంది. ఇటు మన ఆయుధాల చట్టం ప్రకారం దిగుమతికి లైసెన్సు ఉండాలి. ఈ తతంగం నావల్ల కాదు. యజమాని ఏమీ నొచ్చుకోకుండా త్సుబల పెట్టె తెరిచాడు. త్సుబ అంటే పిడికీ అలుగుకీ మధ్య అడ్డంగా ఉండే లోహపు బిళ్ల. దానికి రిజిస్ట్రేషను గొడవ లేదు. అంతకుముందు ఒక ఆదివారపు సంతలో 6000 యెన్లకు ఒకటి బేరమాడి, రంధ్రాల లోపలి అంచున పోతపోసిన అతుకు కనబడి, నకలని వదిలేశాను. ఇక్కడిది సాగగొట్టిన ఇనుము. రెక్కలు చాచి గుండ్రంగా ఒదిగిన కొంగ, అలుగు దూరే కంత చుట్టూ ఉలి గాట్లు. ఏదో ఒక కత్తికి బిగుతుగా అమర్చడానికి ఎవరో కొట్టిన గాట్లవి. సంతకం లేదు. 45 వేల యెన్లు.

ఇంటికొచ్చి చూపిస్తే అమ్మ అటూ ఇటూ తిప్పింది. “తుప్పు బిళ్లకు పాతిక వేలు పోశావా నాయనా? ఉండు, కాస్త చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుంది,” అంది. ప్రస్తుతం అది అమ్మకు అందని పై అరలో ఉంది.