ప్రాసెస్ బతికే ఉంది, పని మాత్రం ఆగిపోయింది: ఏడాదిన్నర మోనిట్ వాడాక

నేను చూసుకునేది ఒకే ఒక లైనక్స్ సర్వర్. అందులో ఒక వెబ్‌సైటు, దాని వెనక డేటాబేస్, మెయిళ్లు పంపే వర్కర్ (వెనక ఉండి పని చేసుకుపోయే ప్రోగ్రామ్) ఒకటి నడుస్తుంటాయి. ఈ మూడింటిలో ఏది ఆగినా ఫోన్ నాకే వస్తుంది.

మోనిట్ అంటే సర్వీసులను కనిపెట్టుకుని ఉండి, ఆగిపోతే మళ్లీ లేపే ప్రోగ్రామ్. దాన్ని పెట్టుకోవడానికి కారణం ఆ వర్కరే. ఒక శుక్రవారం సాయంత్రం అది బయటి మెయిల్ సర్వర్‌కి కనెక్షన్ తెరిచి, జవాబు కోసం చూస్తూ అలాగే ఉండిపోయింది. కోడ్‌లో టైమవుట్ (ఇంతసేపు చూసి వదిలెయ్యి అనే గడువు) పెట్టకపోవడం నా తప్పే. లైనక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీని అడిగితే ‘యాక్టివ్, రన్నింగ్’ అని పచ్చగా చూపిస్తోంది. పాస్‌వర్డ్ మార్చుకునే మెయిల్ రాలేదని ఆదివారం రాత్రి ఒకాయన చెప్పేదాకా నాకు తెలియలేదు. అప్పటికి క్యూలో 1,140 మెయిళ్లు పేరుకుపోయాయి.

సిస్టమ్‌డీలోనే రీస్టార్ట్ ఉంది కదా అంటారేమో. ఉంది, బాగా పనిచేస్తుంది. సర్వీసు ఫైల్లో ‘ఆన్ ఫెయిల్యూర్’ అని ఒక్క లైను రాస్తే చాలు, క్రాష్ అయిన ప్రాసెస్‌ని (నడుస్తున్న ప్రోగ్రామ్‌ని) 100 మిల్లీసెకన్లలో మళ్లీ లేపుతుంది. కానీ డిఫాల్ట్‌గా 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టి చూసి, ఆ తర్వాత వదిలేస్తుంది. డేటాబేస్ లేవడానికి అర నిమిషం పట్టిందనుకోండి, దాని మీద ఆధారపడే వర్కర్ ఈ 5 ప్రయత్నాలనూ రెండు మూడు సెకన్లలోనే ఖర్చు చేసేసుకుని పడిపోతుంది. డేటాబేస్ వచ్చాక కూడా అది లేవదు. అందుకే మోనిట్ పెట్టినా పెట్టకపోయినా, ఆ 100 మిల్లీసెకన్లను 5 సెకన్లు చేసుకోమని అందరికీ చెబుతుంటాను. అయితే హ్యాంగ్ అయిన ప్రాసెస్‌ని ఈ లైను పట్టుకోలేదు. వాచ్‌డాగ్ అని ఇంకో సదుపాయం ఉంది కానీ, ‘నేను బాగానే ఉన్నాను’ అని సర్వీసే ఎప్పటికప్పుడు కబురు పంపాలి. అందుకు దాని కోడ్ మార్చాలి.

మోనిట్ బయటి నుంచి వెళ్లి అడుగుతుంది. ఇది నాకు అన్నిటికంటే నచ్చింది. ప్రాసెస్ ఉందా లేదా అని చూసి ఊరుకోదు. సర్వీసు కనెక్షన్లు తీసుకునే పోర్ట్‌కి కనెక్ట్ అయి, ఆ సర్వీసు మాట్లాడే భాషలోనే మాట్లాడి చూస్తుంది. హెచ్‌టీటీపీ, ఎస్ఎంటీపీ, మైఎస్‌క్యూఎల్, రెడిస్ లాంటివన్నీ దానికి ముందే తెలుసు. కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైల్) కూడా దాదాపు మామూలు ఇంగ్లిష్ వాక్యంలా ఉంటుంది: ఈ పోర్ట్ వరుసగా 3 సైకిళ్లు (సైకిల్ అంటే మోనిట్ అన్నిటినీ ఒకసారి చూసి వచ్చే చుట్టు) జవాబివ్వకపోతే రీస్టార్ట్ చెయ్యి, 5 సైకిళ్లలో 5 సార్లు రీస్టార్ట్ అయితే ఇక దాన్ని ముట్టుకోకు. ఈ రెండో లైను మాత్రం మర్చిపోకండి. అది లేకపోతే అసలు జబ్బేంటో తేలకుండా రాత్రంతా రీస్టార్ట్‌లే నడుస్తాయి.

వర్కర్‌కి పోర్ట్ ఉండదు కాబట్టి వేరే దారి వెతికాను. పని ఉన్నా లేకపోయినా, ఒక్కో రౌండ్ తిరిగినప్పుడల్లా అది ఒక ఖాళీ ఫైల్‌ని ‘టచ్’ చేస్తుంది. ఆ ఫైల్ టైమ్ 10 నిమిషాలకంటే పాతబడితే, వర్కర్‌ని రీస్టార్ట్ చేసే కమాండ్‌ని మోనిట్ నడుపుతుంది. ఇక్కడో చిన్న సంగతి: ఇలా నడిపే కమాండ్, సమస్య మొదలైనప్పుడు ఒక్కసారే నడుస్తుంది. సమస్య తీరకపోతే మళ్లీ నడవాలంటే ‘రిపీట్’ అని విడిగా రాయాలి. నేను రాయలేదు, అది తెలుసుకోవడానికి ఇంకో రాత్రి పట్టింది.

నన్ను నిజంగా భయపెట్టింది వేరే. డేటాబేస్ వెర్షన్ అప్‌గ్రేడ్ చేద్దామని దాన్ని సిస్టమ్‌డీతో ఆపి, ఫైళ్లు కాపీ చేస్తున్నాను. సగంలో ఉండగా డేటాబేస్ తనంతట తానే లేచింది. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మోనిట్ తన పని తాను చేసింది, నేనే దానికి చెప్పలేదు. కాపీ పారేసి మళ్లీ మొదటి నుంచి చేశాను. ఇప్పుడు మెయింటెనెన్స్ అంటే నా మొదటి కమాండ్ ‘మోనిట్ అన్‌మానిటర్’. పనయ్యాక ‘మానిటర్’ అని మళ్లీ ఇవ్వాలి. ఇది మర్చిపోతే కాపలా లేదన్న సంగతే తెలియదు కాబట్టి, అప్‌గ్రేడ్ చెక్‌లిస్ట్‌లో దాన్ని చివరి లైనుగా రాసుకున్నాను.

డేటాబేస్ విషయంలో ఇంకొకటి. ఒక సర్వీసు మొదలవడానికి మోనిట్ డిఫాల్ట్‌గా 30 సెకన్లే ఆగుతుంది. క్రాష్ అయిన డేటాబేస్ తన లాగ్ చదువుకుని కోలుకోవడానికి అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. కోలుకుంటున్న దాన్ని మధ్యలో కదిలిస్తే మేలు చెయ్యబోయి కీడు చేసినట్టే. అందుకని నేను 180 సెకన్లు పెట్టుకున్నాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డెబియన్ అనే లైనక్స్‌లో సైకిల్ 120 సెకన్లుగా వస్తుంది, నేను 30కి తగ్గించాను. మోనిట్ 2812 పోర్ట్‌లో వెబ్ పేజీ ఇస్తుంది, చూడ్డానికి పాతకాలంగా ఉన్నా కావాల్సిందంతా కనిపిస్తుంది. ఉదాహరణ కాన్ఫిగ్‌లో ఉన్న ‘అడ్మిన్, మోనిట్’ అనే పేరూ పాస్‌వర్డూ వెంటనే మార్చండి, ఆ పేజీని బయటికి తెరవకండి. ప్రాసెస్‌ని పేరుతో వెతికేలా రాస్తే, అదే పేరున్న ఫైల్‌ని ఎడిటర్లో తెరిచినా అదే సర్వీసు అనుకునే ప్రమాదం ఉంది. ‘ప్రాక్‌మ్యాచ్’ కమాండ్‌తో ముందే సరిచూసుకోవచ్చు. కాన్ఫిగ్ మార్చిన ప్రతిసారీ ‘మోనిట్ మైనస్ టీ’తో పరీక్షించాకే రీలోడ్ చెయ్యాలి.

దాని చేతిలో లేనివీ ఉన్నాయి. అలర్ట్ మెయిల్‌ని అదే సర్వర్ నుంచి పంపిస్తే, మెయిల్ సర్వీసే పడిపోయిన రోజు కబురు రాదు. ఈవెంట్ క్యూ ఆన్ చేస్తే పోని అలర్ట్‌లను దాచి తర్వాత పంపుతుంది కానీ, బయటి మెయిల్ సర్వర్ పెట్టుకోవడమే మేలు. మోనిట్‌నే ఎవరు చూడాలి? ఆ పని సిస్టమ్‌డీకి అప్పగించాను. మొత్తం మెషీనే ఆగిపోతే రెండూ మూగబోతాయి కనుక, వేరే చోట నుంచి వెబ్‌సైటుని నిమిషానికోసారి చూసే చిన్న స్క్రిప్ట్ ఒకటి పెట్టాను.

గత నెలలో వర్కర్ మెమరీ 500 ఎంబీ దాటి రీస్టార్ట్ అయిందని మూడు అలర్ట్‌లు వచ్చాయి. సైటు ఎక్కడా ఆగలేదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. వదిలేయొచ్చు, మొదటి రెండింటినీ వదిలేశాను కూడా. మూడోది వచ్చాక మూడు టైమ్‌లనూ లాగ్‌తో పోల్చి చూస్తే, ప్రతిసారీ దానికి కొద్ది నిమిషాల ముందు పెద్ద పీడీఎఫ్ జతచేసిన మెయిల్ ఒకటి ఉంది. వర్కర్ ఆ అటాచ్‌మెంట్ మొత్తాన్ని మెమరీలోకి తెచ్చుకుని వదలడం లేదు. దాన్ని ముక్కలుగా చదివేలా మార్చాను. ఆ తర్వాత ఆ అలర్ట్ రాలేదు, 500 ఎంబీ లైను మాత్రం కాన్ఫిగ్‌లో అలాగే ఉంచాను.