పవర్‌షెల్ ఎక్కిస్తామని డబ్బు అడిగే సైటు: ఒక్క రూపాయి కూడా కట్టకండి

కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. మ్యాక్‌ని మొత్తం తుడిచేసి మళ్లీ సిస్టమ్ ఎక్కిస్తున్నా. అది అయ్యేలోపు ఇది రాసేస్తా, ఇంకొకరు మునగకుండా.

విండోస్, మ్యాక్, ఉబుంటు మూడింటిలోనూ ఒకే స్క్రిప్టులు నడవాలని పవర్‌షెల్ 7 (కమాండ్లు, స్క్రిప్టులు నడిపే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్) పెట్టుకుందామనుకున్నా. వెతికితే అన్నిటికంటే పైన ప్రకటనగా వస్తుంది కదా, “మూడు సిస్టమ్‌లకీ ఒకే ఇన్‌స్టాలర్, లైసెన్స్ కీతో సహా” అని, ఆ సైటే. కార్డుతో కట్టేశా.

విండోస్‌లో బాగానే ఎక్కింది. ఆ నమ్మకంతోనే ముందుకెళ్లా. తర్వాత చూస్తే అది మైక్రోసాఫ్ట్ ఊరికే ఇచ్చే ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్ ఫైలే, పేరు మాత్రం మార్చారు. కీ కొట్టే చోటే లేదు అందులో. పవర్‌షెల్‌ని 2016 ఆగస్టులోనే ఓపెన్ సోర్స్ చేశారు, ఎంఐటీ లైసెన్స్, అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. ఎవరి దగ్గరా కొనాల్సిన పనే లేదు.

ఉబుంటులో వాళ్ల స్క్రిప్టు నా లాగిన్ షెల్‌ని (లాగిన్ అవగానే మొదలయ్యే కమాండ్ ప్రోగ్రామ్‌ని) మార్చేసింది, అదీ అసలు లేని ఫైలుకి. రీస్టార్ట్ చేశాక పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వలేదు. రికవరీ మోడ్‌లోకి వెళ్లి మళ్లీ పాత షెల్ బ్యాష్‌కి మార్చుకునేసరికి సగం రోజు పోయింది.

అసలు దెబ్బ మ్యాక్‌లో. ఒక పొడవాటి కమాండ్ ఇచ్చి టెర్మినల్‌లో అతికించమన్నారు. అతికించా. వెంటనే తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చి పాస్‌వర్డ్ అడిగింది. సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపేది) అయితే టెర్మినల్‌లోనే అడుగుతుంది, కొట్టే అక్షరాలు కనపడవు. ఇది విడిగా పెట్టెలో చుక్కలు చూపిస్తూ అడిగింది. అక్కడే ఆగాల్సింది. ఆగలేదు.

టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యమవుతోందని మ్యాక్ టెర్మినల్‌లో నడిచే షెల్, జెడ్‌షెల్ సెట్టింగుల ఫైలు తెరిచి చూశా. అడుగున, ముప్పై ఖాళీ లైన్ల కింద, నేను రాయని లైను ఒకటి. అర్థం కాని అక్షరాల గొలుసు, దాన్ని విప్పి నేరుగా బ్యాష్‌లోకి పంపడం. విప్పి చూస్తే ఏదో సర్వర్ నుంచి ఇంకో స్క్రిప్టు దించుకుంటోంది. ప్రతిసారీ.

ఆ సైటువాళ్ల చాట్‌లో ఉన్నతన్ని అడిగా, ఈ లైను ఎందుకు రాశారని. “అప్‌డేట్ల కోసం” అన్నాడు. నాకు ముందే ఎందుకు చెప్పలేదన్నా. చాలాసేపు జవాబు లేదు. తర్వాత వచ్చిన మాట ఇదీ: “పాస్‌వర్డ్ మీరే కొట్టారు కదండీ, మేమేమైనా బలవంతం చేశామా?” డబ్బు వెనక్కివ్వమని టైప్ చేస్తుండగానే చాట్ మూసేశాడు.

డబ్బు పోయినందుకు కాదు, ఆ ఒక్క మాటకి ఒళ్లు మండిపోతోంది. నమ్మి తలుపు తీసినవాళ్లని, తీసింది నువ్వే కదా అనడం. నిజమే, కొట్టింది నేనే. తెలియని కమాండ్ అతికించొద్దని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి చెప్పేదాన్ని కూడా నేనే. అందుకే ఇంత బాధ.

మీకు పవర్‌షెల్ కావాలంటే విండోస్‌లో వింగెట్ అనే ఇన్‌స్టాల్ కమాండ్ చాలు. సిస్టమ్‌తో వచ్చే 5.1 అలాగే ఉంటుంది, 7 దాని పక్కన విడిగా దిగుతుంది. ఉబుంటులో ప్రోగ్రాములు ఎక్కించే స్నాప్ ఉంది, క్లాసిక్ ఆప్షన్‌తో పెట్టాలి. మ్యాక్‌కి గిట్‌హబ్‌లో పవర్‌షెల్ ప్రాజెక్టు రిలీజుల పేజీలోనే పీకేజీ ఫైలు దొరుకుతుంది, ఇంటెల్‌కి ఒకటి, ఆపిల్ చిప్‌కి ఒకటి. అక్కడే షా-256 హ్యాష్‌లు (ఫైలు మారలేదని తేల్చుకునే కోడ్‌లు) కూడా ఉంటాయి, దించుకున్న ఫైలుతో సరిపోల్చుకోండి. లాగిన్ షెల్ మార్చేముందు ఆ షెల్ ఫైలు నిజంగా ఉందో లేదో ఒకసారి నడిపి చూడండి.

ఇప్పటికే కట్టేసి ఆ కమాండ్ అతికించి ఉంటే, ముందు నెట్ ఆపేయండి. వేరే మెషీన్ నుంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి, ఎస్ఎస్‌హెచ్ కీలు (వేరే మెషీన్లలోకి లాగిన్ అవడానికి వాడేవి) కూడా కొత్తవి చేసుకోండి. ఆ సెట్టింగుల ఫైలుని చివరిదాకా, ఖాళీ లైన్లు దాటి కిందికి వెళ్లి చూడండి. నేను బ్యాంకుకి చెప్పి కార్డు ఆపించా, చాట్ స్క్రీన్‌షాట్‌లు జతచేసి ఫిర్యాదు పెట్టా. మీ దగ్గర చాట్ ఇంకా తెరిచి ఉంటే, వాళ్లు మూసేలోపే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.