కార్డుల పెట్టె: నవలల చుట్టరికాలకి పనికొస్తుందా?

ఒక నవల చదువుతుంటే ఎప్పుడో చదివిన ఇంకో నవల వచ్చి తగులుతుంది. ఎక్కడో చూసినట్టే ఉంటుంది, ఎక్కడో తెలీదు. ఈ చుట్టరికాన్ని, ఆ తగిలిన చోటుని రాసిపెట్టుకోడానికి బజార్లో ఉన్న దారులు మూడు: లాంగ్ నోట్‌బుక్, ఫోను, విడి కార్డులు. నెల్లూరు, ఒంగోలు స్టేషనరీ షాపుల్లో మామూలుగా దొరికే సరుకుతో మూడింటినీ పోల్చి చూస్తే మా ఓటు కార్డులకే. అయితే షాపువాడు అట్ట చుట్టి ఇచ్చే రెడీమేడ్ కార్డుకి కాదు, కొలత చెప్పి కోయించుకున్న కార్డుకి.

నోట్‌బుక్ సంగతి తొందరగా తేల్చేద్దాం. అందులో రాసింది రాసిన వరసలోనే ఉండిపోతుంది. చుట్టరికమేమో 14వ పేజీలో ఉన్న నవలకీ 90వ పేజీలో ఉన్న నవలకీ కుదురుతుంది. రెండు పేజీలని పక్కపక్కన పెట్టి చూడాలంటే పుస్తకం చించాలి. పోదు, చెదరదు, అదొక్కటే దాని గొప్ప.

ఫోన్లో వెతకడం తేలికే, తెలుగులో మాత్రం చిక్కుంది. 'నోట్‌బుక్' లాంటి మాటలో 'ట్' విడిగా పొల్లుతో నిలబడాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు టైపు కావాలి. కొన్ని కీబోర్డులు అది వేస్తాయి, కొన్ని వెయ్యవు. వేసి రాసిన మాటని వెయ్యకుండా వెతికితే చాలా యాప్‌లు 'లేదు' అంటాయి. 'వాళ్ళు' అని ఒకరోజు, 'వాళ్లు' అని ఇంకోరోజు రాసే అలవాటు మనందరిదీ. దాంతో సగం నోట్సు ఉండీ లేనట్టే. పైగా ఫోన్లో వెతికితే వెతికిందే దొరుకుతుంది. కార్డులు తిరగేస్తుంటే వెతకనిది కూడా చేతికొస్తుంది, ఈ పనికి కావలసింది అదే.

ఇక కార్డులు. రెడీమేడ్‌గా దొరికేది 3×5 అంగుళాల గీతల కార్డు. గీతకీ గీతకీ మధ్య దాదాపు 6 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు రాసుకునేవాళ్ళ కోసం గీసిన గీతలవి. 'రాష్ట్రం' అని రాసి చూడండి, కింద రెండు ఒత్తులు పడేసరికి అవి కింది గీత దాటి తర్వాతి వరసలో గుడి మీద కూర్చుంటాయి. గీత వదిలి గీత రాస్తే కార్డుకి నాలుగైదు వరసలు మించవు. తెలుగుకి 8 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, లేదంటే అసలు గీతలే వద్దు.

అందుకే ఏ4 సైజు ఐవరీ షీట్లు కొని కోయించుకోవడం మేలు. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని అట్టకి కట్టే లెక్క) అటూ ఇటూ ఉన్నది అడగండి. జిరాక్స్ కాగితం నిలబడదు, పెట్టెలో వంగి కూలబడుతుంది. 300 దాటితే బరువూ, ఖర్చూ తప్ప లాభం లేదు. ఒక్క ఏ4ని ఒకే వాటంగా కోస్తే 3×5 కార్డులు నాలుగే వస్తాయి, చుట్టూ బోలెడు ముక్కలు దండగ. అదే షీటుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి సగానికి కోస్తే 14.8×10.5 సెంటీమీటర్ల కార్డులు నాలుగు వస్తాయి, చెత్త సున్నా. 50 షీట్లకి 200 కార్డులు. కత్తెరతో మాత్రం కొయ్యొద్దు. అంచులు ఎగుడుదిగుడైతే తిరగేసేటప్పుడు వేలికి కార్డు దొరకదు, పక్కది లేస్తుంది. శుభలేఖలు వేసే ఏ ప్రెస్సులో అయినా కటింగ్ మిషన్ ఉంటుంది, 50 షీట్లూ ఒకే దెబ్బకి కోస్తారు.

శుభలేఖలనగానే, పాతవాటి వెనక వైపు రాసుకుంటే సరిపోదా అంటారు. గరుకు అట్టవైతే భేషుగ్గా సరిపోతాయి. నున్నటి మెరుపు అట్ట మీద జెల్ పెన్ను సిరా ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. పోస్టుకార్డు కూడా చెడ్డదేం కాదు, 50 పైసలకి 14×9 సెంటీమీటర్ల అట్ట ఇంకెక్కడొస్తుంది? కాకపోతే ఒక వైపు చిరునామా గళ్ళు, స్టాంపు బొమ్మ సగం జాగా తినేస్తాయి.

పెట్టెకి డబ్బులు పెట్టొద్దు. చెప్పుల పెట్టె ఎత్తు కార్డు ఎత్తుకి ఇంచుమించు సరిపోతుంది. 200 కార్డులు పేర్చితే 5 సెంటీమీటర్ల మందమే, కాబట్టి ఏళ్ళ తరబడి చాలుతుంది. మలైకాజా తెచ్చిన స్వీటు పెట్టె చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, పాకం అంటిన అట్టని ఎంత తుడిచినా చీమలు వదలవు. గ్రంథాలయాల్లో పాతబడ్డ క్యాటలాగ్ సొరుగు దొరికితే మోజుపడి కొనేవాళ్ళున్నారు. ఆ సొరుగులో కార్డుల అడుగున చిల్లులోంచి ఇనప కడ్డీ దూర్చి ఉంటుంది, ఎవరూ కార్డు లాక్కుపోకుండా. మనకి కావలసింది తద్విరుద్ధం: కార్డు బయటికి రావాలి, ఇంకోదాని పక్కన పడాలి.

సరంజామా ఇంతే. చాలామంది తప్పేది రాయడం దగ్గర.

రెండు రకాల కార్డులు వేరుగా ఉండాలి. మొదటిది పుస్తకం కార్డు, నవలకి ఒక్కటి: పేరు, రచయిత, ఏ ముద్రణ, చదివి ముగించిన తేదీ, మూలకి వరస నంబరు. గ్రంథాలయం పుస్తకమైతే లోపల స్టాంపు పక్కన చేత్తో వేసిన నంబరు ఎక్కించండి, వెన్ను మీది నంబరు కాదు. గ్రంథాలయాలు పుస్తకాలని విషయం వారీగా నంబర్లేసి సర్దే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యమంతా 894.827తోనే మొదలవుతుంది, దాంతో ఫలానా ప్రతి దొరకదు. రచయిత కలం పేరుతో ప్రసిద్ధుడైతే అట్ట మీది పేరు కిందే పెట్టి, అసలు పేరుకి 'చూడుము' కార్డు ఒకటి వెయ్యండి: శివరాజు వెంకట సుబ్బారావు, చూడుము బుచ్చిబాబు.

అందరికీ తెలిసిన సాహిత్య సంబంధాలు కూడా ఈ పుస్తకం కార్డు మీదికే. కందుకూరి 'రాజశేఖర చరిత్రము'కి ఇంగ్లీషు రచయిత గోల్డ్‌స్మిత్ 1766 నాటి నవల ప్రేరణ అన్నది చరిత్ర. అది రక్తసంబంధం, ఎవరు చదివినా మారదు. దానికి వేరే కార్డు దండగ.

రెండోది చుట్టరికం కార్డు. ఇది పాఠకుడి సొంతం. నెత్తిన ఒక్క మాట. ఎడమ పక్క ఒక నవల నంబరు, కుడి పక్క రెండోదాని నంబరు. ఒక్కోదాని కింద అధ్యాయం, ఆ పేరా మొదటి నాలుగైదు మాటలు. పేజీ నంబరు ఒక్కటే రాస్తే మోసపోతారు. తెలుగు నవలలు ఒకరి తర్వాత ఒకరు ప్రచురిస్తుంటారు, అచ్చు మారితే పేజీ మారుతుంది. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన రూపంతో పుస్తకాన్ని పోల్చాలంటే సంచిక తేదీ ఎక్కించాలి. ఒంగోలు వాళ్ళకి ఆ పోలికకి దగ్గరి చోటు 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం. జిల్లాల విభజనలో బాపట్ల కిందికి వెళ్ళినా పాత పత్రికలకి పేరున్న గ్రంథాలయం అదే.

కార్డు నడిమధ్య ఒక్క వాక్యం: ఈ రెండూ నాకు ఎందుకు కలిశాయి. అందులో ఒక ఊరో, మనిషో, వాసనో, తేదీయో ఉండి తీరాలి. లేకపోతే కార్డు చించెయ్యండి.

ఉదాహరణ చూద్దాం. హెమింగ్వే ముసలి జాలరి నవల (1952) మొదటి వాక్యంలోనే 84 రోజులుగా చేప పడలేదని ఉంటుంది. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో తప్పిపోయిన పంది కోసం అడవిలోకి వెళ్ళే ముసలివాడున్నాడు. ముసలితనం, ఒంటరి పోరు, జంతువు: ఈ పోలిక విమర్శకులు ఎప్పుడో చెప్పేశారు. సముద్రపు ఒడ్డున కొత్తపట్నంలోనో జువ్వలదిన్నెలోనో ఉండే పాఠకుడికి మాత్రం ఆ 84 చూడగానే తగిలేది వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో 61 రోజుల చేపల వేట నిషేధం, ఒడ్డున బోర్లించిన పడవలు. అతను నెత్తిన 'వేట లేని రోజులు' అని రాస్తాడు. ఆ కార్డు పక్కన రేపు వచ్చి చేరేది ఇంకో ముసలివాడి నవల కాదు, మగ్గం ఆగిపోయిన చేనేత ఇంటి నవల. విమర్శ వ్యాసం నుంచి ఎత్తి రాసుకుంటే అతనికి ఈ దారి తెరుచుకోదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం వాసన తెలిసిన కందుకూరు పాఠకుడిదీ, రైలు కూతలతో పెరిగిన బిట్రగుంట పాఠకుడిదీ ఇదే లెక్క.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది నెత్తిన రాసే మాట దగ్గరే. 'ప్రేమ', 'పేదరికం', 'ఒంటరితనం' అని పెట్టారో, ఆరు నెలల్లో చదివినవన్నీ ఆ మూడింటి కిందికే వచ్చి పడతాయి. అన్నిటికీ చుట్టమైనది దేనికీ చుట్టం కాదు. చేత్తో పట్టుకోగలిగేవి రాయండి: బావి, తాళంచెవి, రానివాడి ఉత్తరం, ఎండబెట్టిన వడియాలు. ఒకే మాట కింద ఏడు కార్డులు చేరితే దాన్ని చీల్చాలి. 'రైలు' కాస్తా 'ఎక్కని రైలు', 'స్టేషన్లో ఎదురుచూపు' అని రెండవుతుంది. చీలిక కుదరలేదంటే అందులో సగం కార్డులు మొహమాటానికి రాసినవని అర్థం.

చదువుతూ చదువుతూ కార్డు రాయకూడదు. పేజీల్లో సెంటీమీటరు వెడల్పు చీటీలు పెట్టుకుంటూ పోండి, మూల మడవొద్దు. నవల అయ్యాక రెండు రోజులాగి చీటీలు తిరగేస్తే మూడొంతులు ఎందుకు పెట్టామో గుర్తుండదు. మిగిలినవే కార్డులు. నవలకి నాలుగు చాలు. పుస్తకం కార్డుతో కలిపి అయిదు లెక్కన 200 కార్డులు 40 నవలలకి వస్తాయి. నవలకి పది రాసేవాళ్ళు మూడో నవలకే మానేస్తారు.

మన కోస్తా వాతావరణానికి కొన్ని జాగ్రత్తలు. సముద్రపు గాలికి జెమ్ క్లిప్పులూ, పిన్నులూ తుప్పుపట్టి కార్డు మీద ఎర్రటి అచ్చు దించుతాయి, లోహం ఏదీ వద్దు. రోహిణి కార్తె ఎండకి రబ్బరు బ్యాండ్లు కరిగి అట్టకి అంటుకుంటాయి, నూలు నాడా కట్టండి. మనకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలూ పెట్టె గోడకి ఆనకుండా అలమర నడిమి అరలో ఉండాలి, నేల మీద పెడితే చెదలకి నైవేద్యమే. బాల్ పెన్ను రాత చెమ్మకి చెదరదు, ఫౌంటెన్ పెన్ను సిరా చెదురుతుంది. సంక్రాంతి దాటాక ఒక పొద్దున నీడలో పరిచి ఆరబెట్టి, ఎండిన వేపాకు వేసి మళ్ళీ సర్దుకోవచ్చు.

ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే ఇంకా బావుంటుంది. నెల్లూరు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెలు మార్చుకున్నట్టు, ఏడాదికోసారి ఒక కార్డు పుచ్చుకుని ఒక కార్డు ఇచ్చుకోవాలి. అవతలివాళ్ళ వాక్యం చదివి ఆ రెండు నవలల్లో మీరు చదవనిది తెచ్చుకోవాలి. కార్డు ఇచ్చే ముందు నకలు రాసి ఉంచుకోండి. పెట్టె మాత్రం అరువివ్వొద్దు, వరస చెదిరాక మళ్ళీ పేర్చడానికి ఒక ఆదివారం పడుతుంది.