రైతు దగ్గర నుంచి డైరెక్ట్ ఎండుమిర్చి అని ఆన్‌లైన్‌లో కొంటున్నారా, ముందు ఇది చదవండి

ఆవకాయ సీజన్ వచ్చేస్తోంది, ఏడాదికి సరిపడా కారం పట్టించేది కూడా ఇప్పుడే కదా, అందుకే ఆగకుండా రాసేస్తున్నా, నాకు జరిగింది ఇంకొకళ్ళకి జరక్కూడదు.

మాకు ఏటా గుంటూరు నుంచి పెదనాన్న వాళ్ళు మిరపకాయలు పంపేవాళ్ళు, ఈసారి కుదరలేదు. మేడ మీద గ్రో బ్యాగుల్లో ఎనిమిది తేజ రకం మిరప మొక్కలు పెంచా, సగం ఆకుముడతకి పోయాయి, మిగిలినవి బాగానే కాశాయి కానీ నాలుగు కేజీల పండుకాయలు ఎండితే కేజీ కూడా తేలలేదు, మా ఇంటికి అది ఏ మూలకి? అందుకని ఇన్‌స్టాలో "మా పొలం కాయలు" అని వీడియోలు పెట్టే ఒకళ్ళ దగ్గర ఘాటు కోసం 5 కేజీల తేజ, రంగు కోసం 5 కేజీల బ్యాడిగి ఆర్డర్ పెట్టా. బజారు కంటే కేజీకి యాభై రూపాయలు తక్కువ, డబ్బులు మొత్తం ముందే యూపీఐలో వేయించుకున్నారు.

బస్తా విప్పితే పైన కాయలు నిగనిగలాడుతున్నాయి, చాలా సంతోషమేసింది. తొడిమలు తీద్దామని అత్తయ్య కూర్చున్నారు, పావుగంటకి "ఏంటమ్మా ఇది, చేతులకి ఎరుపు అంటుకుంటోంది" అన్నారు. సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ళ చుట్టూ గులాబీ రంగు అలాగే ఉంది. ఎండుమిర్చి తీస్తే చేతులు మండుతాయి గానీ రంగు అంటడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు అడుగునున్న కాయలు విరిచి చూశా. పైన తోలు ఎర్రగా ఉంది, లోపల పాలిపోయి తెల్లగా, కొన్నిట్లో నల్లటి బూజు కూడా. అవి తాలు కాయలండీ, మార్కెట్‌లో సగం రేటు కూడా పలకని సరుకు, వాటికి రంగు పట్టించి పంపారు. మంచి కాయ విరిస్తే లోపలి వైపు కూడా ఎర్రగానే ఉంటుంది.

నమ్మకం కుదరక మా మేడ మీద కాయలు నాలుగు ఒక గాజు గ్లాసు నీళ్ళలో, వాళ్ళవి నాలుగు ఇంకో గ్లాసులో వేశా. మావి వేసిన నీళ్ళు మామూలుగానే ఉన్నాయి, రెండో గ్లాసులో ఐదు నిమిషాలకే ఎర్రటి చారలు దిగాయి. పైగా రెండు రోజులు ఎండలో పోస్తే 10 కేజీలు కాస్తా 8 కేజీల 700 అయింది, అంటే కేజీకి పైగా నీళ్ళకే డబ్బు కట్టాను, ఆ తేమ వల్లే బూజు కూడా. బూజు పట్టినవి ఎండబెట్టి వాడేద్దాం అనుకోకండి దయచేసి, బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం ఎండకీ పోదు, పోపులో వేయించినా పోదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, నీళ్ళ గ్లాసు టెస్టులో రంగు దిగకపోతే మంచిదే అని అనుకోవద్దు. నీళ్ళలో కరిగే రంగు మాత్రమే అలా దొరుకుతుంది. సుడాన్ అనే ఫ్యాక్టరీ రంగులు నూనెలో కరిగే రకం, నీళ్ళలో దిగవు, 2003లో యూరప్ వాళ్ళు మిరప సరుకుకి టెస్టులు తప్పనిసరి చేసింది దీని వల్లే, మన దేశంలో కూడా ఆహారంలో వాడకూడదు. నూనెలో వేసి చూద్దామంటే అసలు మిరప రంగు కూడా నూనెలోకి దిగుతుంది కాబట్టి తేడా తెలీదు, అది ల్యాబ్‌లోనే తేలాలి. అందుకే పొడి కంటే కాయ కొనడం నయం, కనీసం విరిచి చూసుకోవచ్చు.

ఫోటోలు పంపితే ముందు "మెరుపు కోసం నూనె రాశాం మేడమ్" అన్నారు, గ్లాసు వీడియో పంపగానే బ్లాక్ చేశారు. బిల్లు లేదు, బస్తా మీద ఆహార పదార్థాలు అమ్మేవాళ్ళకి ఉండాల్సిన 14 అంకెల FSSAI లైసెన్స్ నంబర్ లేదు, అది నేను ముందే అడగాల్సింది. అయినా పేమెంట్ స్క్రీన్‌షాట్, వీడియోలు పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చా.

మీరు కొనేటప్పుడు ముందు అరకేజీ తెప్పించుకోండి, బస్తా అడుగు నుంచి పది కాయలు తీసి విరవండి, తడి దూదితో తోలు మీద రుద్ది రంగు అంటుతుందేమో చూడండి. కాయ వంచితే పటుక్కున విరగాలి, మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే. ముందే మొత్తం డబ్బు అడిగితే వద్దనేయండి.

ఆ బస్తా పారెయ్యలేదు, శాంపిల్ అడిగితే ఇవ్వాలని మూతి కట్టి బాల్కనీలో పెట్టా. ఈ ఆదివారం హైదరాబాద్‌లోని మలక్‌పేట గంజ్ మార్కెట్‌కి వెళ్ళి చేత్తో పట్టుకుని చూసి తెచ్చుకుంటా.