వంకర పాదాల వైద్యం: నాలుగేళ్లు తిరిగిన తల్లి మాట

మా అబ్బాయి పుట్టినప్పుడే రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉన్నాయి. గ్రహణం నాడు నేను కూరగాయలు తరిగినందువల్లేనని అత్తగారి తీర్మానం. అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ ఉచితంగా సరిచేస్తుందని ఆశా కార్యకర్త చెప్పింది. కళ్యాణదుర్గం నుంచి నాలుగేళ్లు తిరిగాను.

వైద్యానికి వంక పెట్టను. పోన్సెటి పద్ధతిలో వారం వారం పాదాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పి, వేళ్ల నుంచి తొడ దాకా పిండికట్టు వేస్తారు. మావాడికి ఆరు కట్లు పడ్డాయి. తర్వాత మడమ వెనక, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువుకు చిన్న గాటు, ఇంకో మూడు వారాల కట్టు. అంతే, పెద్ద ఆపరేషన్ లేదు.

కష్టమంతా ఆ తర్వాతే. కడ్డీతో కలిపిన బూట్లు మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపై నాలుగేళ్లు నిండేదాకా నిద్రలో వేయాలి. మానేస్తే పాదం మళ్లీ వంకరవుతుంది. మే నెల ఉక్కలో ఆ బూట్లు తొడిగి పిల్లవాణ్ణి నిద్రపుచ్చడం ఎంత పనో సంస్థవాళ్లు ఊహించినట్టు లేరు. వైద్యం వారానికి ఒక్క రోజే. వేరుశనగ కోతల్లో ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. ఉచితం అన్న మాటలో ఈ లెక్క ఉండదు.

నన్ను మధ్యలో మానకుండా ఆపింది వరండాలోని బెంచీ. లోపల చోటు లేక వేసిన బెంచీ అది. సాక్సు ముడత పడకుండా ఎలా తొడగాలో, బొబ్బ వస్తే ఏం చేయాలో అక్కడి తల్లులే నేర్పారు. ఒకసారి అత్తగారు వచ్చి, అలాంటి పిల్లల నాయనమ్మలు నలుగురితో మాట్లాడారు. గ్రహణం మాట మళ్లీ ఎత్తలేదు. నిరుడు బెంచీ తీసేసి టోకెన్లు పెట్టారు. పని త్వరగా అవుతోంది, నిజమే. కొత్తగా వచ్చే తల్లికి మాత్రం పలకరించే మనిషి లేదు.

బూటు పట్టీ తెగినప్పుడు వచ్చే వారం దాకా ఆగమన్నారు. మా వీధిలో చెప్పులు కుట్టే పెద్దాయన పది నిమిషాల్లో కుట్టిచ్చాడు. అలాంటివారికి పని నేర్పితే దాతలు మారినా సేవ ఆగదని చెప్పి చూశాను. నవ్వి ఊరుకున్నారు.

పోయిన నెల సైజు లేదని ఒక తల్లిని వట్టి చేతులతో పంపారు. ఆ సైజు జత మా అటక మీదే ఉంది. పాతవి తిరిగి తీసుకునే పద్ధతి లేదట.