ఉలి ఉంది, సాన లేదు: స్కూల్ వర్క్‌షాప్ వడ్రంగి సెట్ రివ్యూ

స్కూల్ వర్క్‌షాప్‌ల కోసమని అమ్మే చేతి పనిముట్ల సెట్ ఏది తెరిచినా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. పది లేదా పన్నెండు అంగుళాల టెనాన్ రంపం (వీపున ఇనుప పట్టీ ఉన్న చిన్న రంపం), మూడు నాలుగు ఉలులు, కొయ్య సుత్తి, చిత్రిక పట్టడానికి నాలుగో నంబరు ఇనుప రందా, మూలమట్టం, చెక్క అంచుకు సమాంతరంగా గీత గీసే మార్కింగ్ గేజ్, చెక్కను బిగించి పట్టే రెండు జీ క్లాంపులు. గీత గీయడం, గీత వెంట కోయడం, చదును చేయడం, ఒక అతుకు వేయడం నేర్పడానికి ఇంతకు మించి అక్కర్లేదు. ఎంపికకు వంక పెట్టలేం. పదునుపెట్టే రాయి మాత్రం చాలా సెట్లలో ఉండదు, అసలు చిక్కంతా అక్కడే.

ముందుగా ఉలులు. సాధారణంగా 25 డిగ్రీల వాలుకు గ్రైండ్ చేసి, తుప్పు పట్టకుండా పల్చటి పూత వేసి పంపుతారు. గ్రైండింగ్‌తో ఆకారం వస్తుంది, పదును రాదు. ఆ స్థితిలో పిల్లల చేతికిస్తే ఉలి చెక్కను కోయదు, నలుపుతుంది. నార కొస మీద, అంటే నారకు అడ్డంగా కోసిన చివర మీద, పెట్టి తోస్తే పీచు చితికి పిండిలా రాలుతుంది. తెగట్లేదని ఇంకాస్త బలం పెడతారు, ఉలి జారుతుంది, ఎదురుగా రెండో చెయ్యి ఉంటుంది. మొండి ఉలి అయితే దెబ్బలు తగలవని కొందరు పదును పెట్టకుండానే వదిలేస్తారు. అది తలకిందుల లెక్క.

పెట్టె విప్పగానే పూత తుడిచి, ఉలి చదును వైపు చివరి రెండు మూడు సెంటీమీటర్లను వెయ్యి గ్రిట్ (గరుకుదనం కొలత) పదునుపెట్టే రాయి మీద పరిచి రుద్దండి. అంచు దాకా ఒకే తీరున మెరవాలి. గ్రైండింగ్ గీతలు అంచు దగ్గర మిగిలితే పదును అక్కడ పంటి పంటిగా ఉంటుంది. తర్వాత ఉలిని తిప్పి, 30 డిగ్రీలకు కొంచెం ఎత్తి పట్టి, వెనకవైపు వేలికి సన్నటి రేకులాంటి మడత తగిలేదాకా రుద్దాలి. మళ్లీ చదును వైపు పరిచి రెండుమూడు సార్లు లాగితే ఆ మడత ఊడిపోతుంది. పైన్ ముక్క కొసను చేతి బలంతోనే గీకి చూడండి. పొర సన్నగా లేచి, కోసిన చోటు నున్నగా మెరిస్తే ఆ ఉలి క్లాసుకు పనికొస్తుంది. పొడి రాలితే మళ్లీ రాయి దగ్గరికే.

రంపం కొత్తలో బాగానే కోస్తుంది. పళ్ల కొనలు నీలంగానో నల్లగానో ఉంటే అవి వేడితో గట్టిపరిచినవి. చాలాకాలం నిలుస్తాయి, కానీ అరిగాక ఆకురాయి వాటి మీద జారిపోతుందే తప్ప పదును పెట్టదు. స్కూలుకు ఈ రకమే నయం, రంపానికి పదును పెట్టగలిగేవాళ్లు ప్రతి చోటా దొరకరు కదా. మొదలుపెట్టేటప్పుడు వెనక్కి తేలిగ్గా రెండు లాగులు లాగి గాడి చేసుకుని, ఆపైన ముందుకు తోయాలి. గీతకు పారేసే ముక్క వైపే రంపం నడవాలి. సగం సగం చెక్కి కూర్చే అతుకు వదులుగా వచ్చిందంటే చాలాసార్లు రంపం గీత మీదనో, దాటి లోపలికో నడిచిందన్నమాట. గీత సగం మిగిలేలా కోసి, మిగతాది ఉలితో తీయడం అలవాటు చేయాలి.

మూలమట్టాన్ని నమ్మే ముందు పరీక్షించండి. నిటారు అంచున్న పలకకు ఆనించి గీత గీసి, మట్టాన్ని అవతలి వైపుకు తిరగేసి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ కలిసిపోతే సరే. పైన మిల్లీమీటరు విడిపోతే అసలు తప్పు అర మిల్లీమీటరు. అలాంటిది వస్తే వెనక్కి పంపేయండి, దానితో గుర్తు పెట్టిన ఏ పెట్టె మూలా కుదరదు.

రందా మీద కొంత ఓపిక ఖర్చవుతుంది. దాని బ్లేడుకూ ఉలికి చేసినట్టే పదును పెట్టి, పైన కూర్చునే ఇనుప మూతను అంచుకు మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర వెనక బిగించండి. ఆ రెండింటి మధ్య సందుంటే పొట్టు అందులో దూరి రందా నోరు, అంటే పొట్టు బయటికొచ్చే సందు, పూడుకుపోతుంది. మొదట బ్లేడు అస్సలు కోయనంత లోపలికి తీసి, పొర లేచేదాకా కొద్దికొద్దిగా దించాలి. పిల్లలు దీన్నే తలకిందులుగా చేస్తారు: బ్లేడు బాగా దించేసి, రందా కుదుపుతో ఆగిపోతే ఇంకా బలంగా తోస్తారు. నార చిరుగుతుంటే బలం పెంచకుండా చెక్కను అటుదిటు తిప్పి పట్టాలి. పలక కొసలు వాలిపోతుంటే, మొదట ముందు పిడి మీద, చివర్లో వెనక పిడి మీద బరువు వేయించండి.

గేజ్ మేకు మొన గుండ్రంగా ఉంటే నారకు అడ్డంగా గీసినప్పుడు చీరుతుంది. ఆకురాయితో రెండు పక్కలా రాసి సన్నటి కత్తి మొనలా చేస్తే గీత శుభ్రంగా పడుతుంది. క్లాంపుల కింద చెక్క ముక్క పెట్టకపోతే అచ్చులు పడతాయి, అంతే.

ఇద్దరు పిల్లలకో సెట్ చాలు. కంటికి నిండుగా కనిపించే పెద్ద సెట్ల జోలికి పోవద్దు, అదనంగా వచ్చేవి ఎక్కువగా స్క్రూడ్రైవర్లు, పట్టకార్లే. ఆ డబ్బుతో రెండు వైపుల రాయి ఒకటి, పైన్ పలకలు కొన్ని కొనండి. రంపం కోతకు చెక్కను ఆనించే బెంచ్ హుక్ ఏ సెట్‌లోనూ వెతకనక్కర్లేదు. ఒక పలక, పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, కాస్త జిగురు: పిల్లల మొదటి పాఠం అదే పెట్టండి. పట్టీలకు మేకులు వద్దు, ఏదో ఒక రోజు రంపం పళ్లు వాటికి తగులుతాయి.