తంబూర యాప్: ఫైన్ ట్యూనింగ్ ఉంటేనే వాడండి

పాటకి ఆధారంగా తంబూర నాదాన్ని ఫోనులో మోగించే తంబూర యాప్‌ని ఏళ్లుగా రోజూ వాడుతున్నాను. ఇంకా వదలకపోవడానికి కారణం ఒక్కటే, శ్రుతిని సెంటు సెంటుగా (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) సర్దుకునే స్లైడర్. మిగతా హంగులు అన్ని యాపుల్లోనూ కాస్త అటూ ఇటూగా ఉంటాయి. ఈ ఒక్కటి లేని యాప్ మాత్రం పక్కన ఇంకో వాద్యం చేరితే ఎందుకూ పనికిరాదు.

‘ఒకటిన్నర’ శ్రుతి (కీబోర్డులో సి షార్ప్) నొక్కితే మగగొంతుకి యాప్ ఇచ్చేది ఎ-440 లెక్కన (ఎ స్వరం 440 హెర్ట్జ్ అనే ప్రామాణికంతో) వచ్చే షడ్జమం (స), 138.6 హెర్ట్జ్. పక్కనున్న వేణువుకి ఆ లెక్కతో పనిలేదు. లోపలి గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి దాదాపు 3 సెంట్లు పైకి పోతుంది. చల్లటి వేణువు ఊదుతూ ఉండగా 10, 12 సెంట్లు ఎక్కేయడం మామూలే. పాత హార్మోనియం సంగతి సరేసరి, దాని మెట్లు ఎక్కడ ఆగితే అక్కడే. కాబట్టి యాప్‌నే వాద్యానికి కలపాలి.

కలిపే పద్ధతి ఇది. వేణువు బాగా వేడెక్కాక షడ్జమం నిలిపి ఊదమనాలి. స్లైడర్‌ని కావాలనే 15 సెంట్లు కిందికి దించి, అక్కణ్ణుంచి ఒక్కో సెంటు పైకి తేవాలి. రెండు నాదాల మధ్య కొట్టుకునే అల (ధ్వని పెరుగుతూ తగ్గుతూ ఊగడం) నెమ్మదిస్తూ వచ్చి ఒకచోట ఆగిపోతుంది. ఇంకో రెండు సెంట్లు దాటించి చూడాలి. అల మళ్లీ మొదలైతే ముందు ఆగిన చోటే సరైనది. మృదంగం కలపడం దీని తర్వాతే. ముందే కలిపేసి తర్వాత యాప్‌ని కదిపితే కుడివైపు నాదం తేడా కొడుతుంది.

నాకు ఊహించని ఆనందం పంచమం దగ్గర దొరికింది. శుద్ధ పంచమం (సహజమైన ‘ప’) షడ్జమానికి 702 సెంట్ల ఎత్తులో ఉంటుంది, కీబోర్డు పంచమం 700 దగ్గర ఆగిపోతుంది. ఆ 2 సెంట్లు ఎవరికి వినబడతాయిలే అనుకోకండి. ఒకటిన్నరలో అది సుమారు రెండు సెకన్లకోసారి వచ్చే చిన్న ఊగులా తెలుస్తుంది, హెడ్‌ఫోన్స్‌లో మరీ స్పష్టంగా. నేను వాడే యాప్‌లో నాలుగు తీగలనూ విడివిడిగా సర్దుకోవచ్చు. పంచమాన్ని 2 సెంట్లు పెంచగానే ఆ ఊగు పోయి, మంద్రం తీగలోంచి స్వయంభూ గాంధారం (మీటకుండానే దానంతటదే పలికే ‘గ’) తేటగా పైకి వస్తుంది. యాప్‌లో ఇది వినబడుతుందని నేను అనుకోలేదు.

ఇక ఏడిపించిన విషయం. ఆలాపన మధ్యలో తంబూర ఆగిపోతుంది, లేదా ఒక్కసారి సన్నగిల్లుతుంది. దీనికి కారణాలు మూడున్నాయి, మూడింటి లక్షణాలూ వేరు. తెర ఆరిన కొన్ని నిమిషాలకి చప్పుడు లేకుండా ఆగిందంటే, బ్యాటరీ పొదుపు కోసం ఫోనే యాప్‌ని చంపేసింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, బ్యాటరీ కింద ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టాలి. సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అది అలాగే ఉందో లేదో చూసుకోవడం మంచిది. ధ్వని ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేచిందంటే ఏదో నోటిఫికేషన్ వచ్చింది. పాడేవాళ్లకి ఇదే ఎక్కువ ప్రమాదం, ఆధారం సన్నగిల్లిన ఆ క్షణంలో గొంతు తెలియకుండానే జారుతుంది. ఆగిపోయి ఇక తిరిగి రాలేదంటే కాల్ వచ్చిందనో, ఇంకో యాప్ ఆడియోని లాక్కుందనో అర్థం. కాల్ పెట్టేశాక కొన్ని యాపులు మళ్లీ మొదలవుతాయి, కొన్ని మనం నొక్కేదాకా మొదలవవు.

కచేరీకైతే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాల్సిందే. బయటి స్పీకరుంటే ఆ తర్వాత బ్లూటూత్ ఒక్కటి ఆన్ చేసుకోవాలి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ అలారం మోగుతుంది, దాన్ని విడిగా తీసేయాలి. ఆటో అప్‌డేట్ కూడా ఆపి ఉంచండి, నడుస్తున్న యాప్‌కి అప్‌డేట్ ఎక్కితే అది మూతపడుతుంది.

స్లైడర్‌ని అంతగా మెచ్చుకున్నాను గానీ, వేలు తగిలితే ఒకటి రెండు సెంట్లు కదిలిపోతుందన్నదీ నిజమే. లాక్ గుర్తు ఉన్న యాప్‌నో, అంకె టైప్ చేయనిచ్చే యాప్‌నో ఎంచుకోండి. ఇంకో లోపం, కొన్ని యాపులు ఒకే రికార్డింగును వేగంగానో నెమ్మదిగానో నడిపి అన్ని శ్రుతులూ పుట్టిస్తాయి. 20, 30 సెంట్ల వరకు తేడా తెలియదు. ఒకటి నుంచి ఐదున్నరకి మారిస్తే మాత్రం జీవ (తీగల నాదంలో జుమ్మనే నిండుదనం) పీలగా, ముక్కుతో పలికినట్టు అవుతుంది. తెలుసుకోవడం తేలిక: శ్రుతి పెంచగానే తీగలు మీటే వేగం కూడా పెరిగిందంటే అదే రకం. నేను వాడేదాంట్లో ఐదు దాటాక ఈ పీలతనం ఉంది. నాది ఒకటిన్నర కాబట్టి నాకు ఇబ్బంది లేదు, ఐదున్నరలో పాడేవాళ్లకి దీన్ని సిఫారసు చేయలేను.

ఫోను స్పీకరు మీద మగగొంతు శ్రుతి పెట్టుకోవద్దు. ఒకటిన్నరలో మంద్ర షడ్జమం 69 హెర్ట్జ్, అంత కింది నాదాన్ని ఆ చిన్న స్పీకరు పలికించలేదు, పైస్వరాలే వినబడతాయి. వైరు స్పీకరు అయినా, బ్లూటూత్ అయినా ఫరవాలేదు. తంబూరకి తాళంతో పని లేదు కాబట్టి బ్లూటూత్ ఆలస్యం అడ్డు రాదు. తాళం యాప్ పెట్టుకుని రికార్డు చేసేవాళ్లు మాత్రం వైరే వాడాలి.

నా సాధనలో వేణువు, వయొలిన్ పక్కన ఉంటాయి కాబట్టి నాకు ఈ సెంట్ల లెక్క ప్రాణం. ఒంటరిగా పాడుకునేవాళ్లకి, కీబోర్డుతో పాడేవాళ్లకి దీని అవసరం అంతగా రాదు. వాళ్లు జీవ బాగున్న యాప్‌ని చూసుకుని, ఆ బ్యాటరీ సెట్టింగ్ ఒక్కటి మార్చుకుంటే చాలు.